మెట్లు పడుకునే వేళ

తెల్లారగానే తాళాలాయన చేసే మొదటి పని బండి గొలుసుకి నూనె పట్టించడం. రెండో పని, గూట్లోంచి నల్ల అట్ట పుస్తకం తీసి ఆ రోజు ఊళ్లో ఏ మెట్లు ఏ వేళకి పడుకుంటాయో చూసుకోవడం. మూడో పని నిట్టూర్చడం. ఈ మూడూ అయ్యాకే టీ.

ఆ పుస్తకం ఊరు మొత్తానికీ ఒక్కటే. అచ్చు వేయించినా కొనే నాథుడు ఉండడు. కాళ్లున్నవాళ్లకి మెట్లు లేచి ఉన్నా ఒకటే, పడుకుని ఉన్నా ఒకటే. లేచి ఉంటే ఎక్కుతారు. పడుకుని ఉంటే మీద నుంచి నడిచిపోతారు. మహా అయితే జారకుండా గోడ పట్టుకుంటారు. మెట్లన్నాక అలుపు రాకుండా ఎలా ఉంటుంది? పొద్దస్తమానం జనం తొక్కుతూనే ఉంటారాయె. అలుపొచ్చిన మెట్టు అంచు వదిలేసి వెనక మెట్టు మీదికి వాలుతుంది, అది దాని వెనక దాని మీదికి. అలా పైదాకా వాలిపోయాక మొత్తం ఏటవాలుగా పరిచిన పలకలా అవుతుంది. తాళాలాయన మూడు చక్రాల బండి ఎక్కగలిగేది అప్పుడే.

పోస్టాఫీసు మెట్లు పదకొండుంపావుకి పడుకుని ఇరవై నిమిషాల్లో లేస్తాయి. అందుకని అతనికి ఉత్తరాలు రాయాలనే బుద్ధి కూడా పదకొండుకే పుడుతుంది. గ్రంథాలయం మెట్లు సాయంత్రం నాలుగింటికి. లోపల చదివేవాళ్ల నిద్ర వాటికి అంటుకుందని అతని అనుమానం. బ్యాంకు మెట్లు వాన పడితే తప్ప నడుం వాల్చవు కాబట్టి ఎండాకాలం నాలుగు నెలలూ అతనికి బ్యాంకుతో పనుండదు. సినిమా హాలు మెట్లు ఇంటర్వెల్లో మాత్రమే పడుకుంటాయి. ఇంటర్వెల్లో లోపలికి వెళ్లినవాడు పై ఆట ఇంటర్వెల్లోనే బయటపడాలి. దాంతో అతను ప్రతి సినిమాకీ రెండో సగం ముందు, మొదటి సగం తర్వాత చూస్తాడు. హంతకుడెవరో అతనికి ముందే తెలుసు. చచ్చిందెవరో తెలుసుకోవడానికే ఓపిగ్గా కూర్చోవాలి.

"నా బతుకూ అంతేలెండి" అంటాడు ఎవరైనా నవ్వితే. "శుభం కార్డు ముందే వేసేశారు, అసలు కథ ఇంకా మొదలవలేదు."

తన మీద జోకు తనే ముందు వేసుకోవడం అతనికి అలవాటు. ఎదుటివాళ్లు ఎలాగూ వేస్తారు, వాళ్లకి ఆ శ్రమ ఎందుకని. నలభై ఆరేళ్లు. రెండేళ్ల వయసులో జ్వరమొచ్చి వెళ్తూ వెళ్తూ రెండు కాళ్లూ పట్టుకుపోయింది. చేతులు మాత్రం పెడలు తిప్పీ తిప్పీ గొడ్డలి పిడుల్లా తయారయ్యాయి. బస్టాండు ఎదురుగా కాలిబాట మీద ఒక రేకు బడ్డీ, అందులో ఒక ఆకురాయి, గోడ నిండా మేకులకి వేలాడే, ఇంకా పళ్లు కోయని తాళంచెవులు. పంతొమ్మిదేళ్లుగా ఆ ఊరి తలుపులు తెరిపించేది అతనే.

కాలిబాట నేల నుంచి జానెడెత్తు ఉంటుంది. అంత ఎత్తు బండి ఎక్కదు కాబట్టి మూడు అడుగుల చెక్క పలక ఒకటి ఏటవాలుగా వేసుకున్నాడు. పొద్దున ఆ పలక మీదుగా ఎక్కుతాడు, సాయంత్రం దాని మీదుగానే దిగుతాడు. ఆ నల్ల పుస్తకం చూడకుండా, ఎవర్నీ అడక్కుండా, తనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్లగలిగే చోటు ఊరు మొత్తమ్మీద అదొక్కటే.

ఆ పలక మీదే నోటీసు వచ్చింది.

కాలిబాటపై నడిచేవారికి సదరు బడ్డీ, దానికి ఆనించిన చెక్క ఆటంకంగా ఉన్నాయనీ, ఒక పాదచారి తట్టుకుని పడ్డాడనీ, అభ్యంతరాలేమైనా ఉంటే నగర కార్యాలయం రెండో అంతస్తులో ఉదయం పదకొండు గంటలకి స్వయంగా హాజరై చెప్పుకోవాలనీ, లేనిచో తొలగిస్తామనీ.

"నాలుగేళ్ల కిందట చెప్పుల షాపు వాళ్లు కాలిబాట సగం మూసేస్తే ఎవరికీ అడ్డం రాలేదు" అంది అక్క, నోటీసుని ఇస్త్రీ బల్ల మీద పెట్టి అలవాటుగా చేత్తో మడతలు సాపు చేస్తూ.

"చెప్పులు నడిచేవాళ్ల సరుకు కదే. వాళ్లకి వాళ్లు అడ్డం రారు."

అక్క, తమ్ముడు ఇద్దరే ఆ ఇంట్లో. ఆవిడ ఇస్త్రీ చేస్తుంది. ఎప్పుడు చూసినా ఎడమ పక్కకి ఒరిగి నిలబడుతుంది. తమ్ముడికి పన్నెండేళ్లొచ్చేదాకా ఎడమ నడుం మీద ఎక్కించుకుని బడి మూడో అంతస్తుకి మోసింది మరి. వాడు దిగినా నడుం మాత్రం మళ్లీ తిన్నబడలేదు. ఇప్పటికీ అక్కడ ఎవరో కూర్చున్నట్టే నిలబడుతుంది. ఆ ఒరుగుడు గమనించిన రోజే తాళాలాయన బడి మానేశాడు. ఇంకొకళ్ల నడుం మీదా భుజాల మీదా ఎక్కేది లేదని అప్పుడనుకున్న మాట మళ్లీ తప్పలేదు.

నగర కార్యాలయం మెట్లు నలభై రెండు. మధ్యాహ్నం ఒంటిగంట గంట కొట్టగానే పడుకుంటాయి. రెండు గంటలు కొట్టగానే లేస్తాయి. గంట కొట్టేది కింద స్టూలు మీద కూర్చునే బంట్రోతు. ఆ గంటసేపూ పైన భోజన విరామం, గదులకి తాళాలు. ప్రభుత్వం వారి మెట్లు కదా, ప్రభుత్వం వారి పద్ధతే వాటిది.

మొదటిసారి వెళ్లినప్పుడు పదిన్నరకే వెళ్లి మెట్ల కింద బండి ఆపుకుని కూర్చున్నాడు. పదకొండింటికి పైన గుమాస్తా వరండా అంచుకి వచ్చి కటకటాల మీదుగా కిందికి వంగి కేకేశాడు.

"ఫైలు నూట పదిహేడూ!"

"ఉన్నానండీ!"

"పైకి రండి!"

"రాలేనండీ! బండండీ!"

"నూట పదిహేడూ!" అని రెండోసారి.

"ఇదిగోనండీ, కింద! కనిపిస్తున్నాను కదండీ!"

గుమాస్తా అతని వంక సూటిగా చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. "నూట పదిహేడు!" అని మూడోసారి పిలిచి లోపలికెళ్లి, గైర్హాజరు అని రాసుకున్నాడు.

రెండోసారి తాళాలాయన తెలివి చూపించబోయాడు. మీరే ఓసారి కిందికి రాకూడదా, నాలుగు మాటలు చెప్పుకుని పోతాను అని కేకేశాడు.

"నేను రావచ్చు" అన్నాడు గుమాస్తా పై నుంచి, నిజంగానే బాధపడుతూ. "ఫైలు కిందికి రాకూడదు."

మళ్లీ గైర్హాజరు. పోనీ ముందు రోజు ఒంటిగంటకి మెట్లు పడుకున్నప్పుడే ఎక్కేసి, మర్నాటి పదకొండు దాకా పైనే ఉండిపోతానంటే బంట్రోతు ఒప్పుకోలేదు.

"ఐదింటికి తాళాలేస్తామయ్యా."

"తాళాల సంగతి నాకు చెప్తావా అన్నా?"

"నీకు చెప్పకూడదు నిజమే. అందుకే అస్సలు ఒప్పుకోను."

ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగామని లోకంలో అందరూ చెప్పుకుంటారు. తాళాలాయనకి ఆ గొప్పా లేదు. టైర్లు అరిగాయి. మూడో నోటీసు వచ్చింది. కింద ఎర్ర సిరాతో "ఇదే ఆఖరు" అని రాసి గీత కూడా కొట్టారు.

"ఇద్దరు మనుషుల్ని పెడితే నిమిషంలో పైకి చేరుస్తార్రా" అంది అక్క ఆ సాయంత్రం. అనకూడదని ఆవిడకి తెలుసు. అయినా అంది.

"బస్తాలు చేరుస్తారు అలా. బస్తాని అభ్యంతరాలేమున్నాయని అడగరు."

"బడ్డీ పోతే ఏం చేస్తావు మరి?"

"నీ పక్కన కూర్చుని బొత్తాలు కుడతాను."

"నీ మొహం. సూదిలో దారం ఎక్కించడానికే పొద్దు గూకుతుంది నీకు." ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఒరిగిన నడుం గోడకి ఆనించింది. పగలంతా బొగ్గుల వేడికి ఆవిడ మొహం, ఆకురాయి పొడికి అతని మొహం ఒకే రంగులో ఉన్నాయి. చివరికి ఆవిడే అంది, "ఒరేయ్, అలుపొస్తేనే కదా మెట్లు పడుకునేది? ఒంటిగంట దాకా ఎందుకాగాలి? మనమే పదకొండింటికి అలుపు తెప్పిద్దాం."

"ఎలా?"

"తొక్కిద్దాం."

తాళాలాయన పంతొమ్మిదేళ్లలో సాయం అడగడం ఎలాగో మర్చిపోయాడు. అడిగింది అక్కే. ఇస్త్రీ బట్టలు ఇచ్చి వస్తూ దారిపొడుగునా చెప్పుకుంటూ పోయింది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకుని వీధిన పడ్డవాళ్లు ఆ ఊళ్లో తక్కువేం లేరు. వాళ్లందర్నీ ఇళ్లలోకి పంపింది తన తమ్ముడే కదా.

మర్నాడు తొమ్మిదింటికల్లా నగర కార్యాలయం ముందు పద్నాలుగు మంది పోగయ్యారు. అందరికంటే ముందు మంగలి. ఒకప్పుడు షాపులో సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలి, ఏదో కొనడానికి బయటికొచ్చి, తలుపు తాళం పడిపోతే గంటన్నర బయట నిలబడ్డ మనిషి అతను.

"అన్నా, నువ్వు కూర్చో" అన్నాడు మంగలి.

"ఇంకేం చేస్తాను తమ్ముడూ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే పని మీద ఉన్నాను."

పద్నాలుగు మందీ ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. బరువు కోసం ఇద్దరు చేతుల్లో ఇటుకలు పట్టుకున్నారు. పైన గుమాస్తా వాళ్లని చూసి అర్జీదారులనుకుని, ఎక్కినవాడికల్లా ఒక చీటీ ఇచ్చి రేపు రమ్మన్నాడు. దిగి మళ్లీ ఎక్కితే ఇంకో చీటీ. మంగలి ఐదోసారి ఎక్కినప్పుడు మాత్రం, మూడేళ్లుగా తేలని అతని షాపు పేరు మార్పు కాగితం చేతికొచ్చింది. ఇన్నిసార్లు తిరిగిన మనిషిని ఇంకా తిప్పడానికి గుమాస్తాకే మనసు రాలేదేమో.

పదిన్నర అయింది. పద్నాలుగు మందీ వగరుస్తూ మెట్ల పక్కన, గోడ వారన, ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డారు. మెట్లు మాత్రం ఇస్త్రీ మడతల్లా నిటారుగా ఉన్నాయి. ఒక్కటి ఒరిగితే ఒట్టు.

బంట్రోతు స్టూలు మీద నుంచి జాలిగా చూశాడు. "మీ పిచ్చి గానీ, వీటికి అలుపు తెప్పించడం మీ తరమా? రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతుంటే ముప్పై ఏళ్లుగా జనం ఎక్కి దిగుతూనే ఉన్నారు. ఊరికే తిరిగేవాళ్లు వీటికి ఓ లెక్కా? కండలు తిరిగిపోయాయి వీటికి."

"ఈ ముక్క తొమ్మిదింటికే చెప్పొచ్చుగా" అంది అక్క.

"అడిగారా నన్ను?"

తాళాలాయన నవ్వబోయాడు. రాలేదు. ఆవేళ నాలుగింటికే లేచాడు. నిజానికి రాత్రంతా పడుకోనే లేదు, లేవడమన్న మాట కూడా తప్పే. బండి సీటు వెనక్కి తల వాల్చి ఆ నలభై రెండు మెట్లనీ చూశాడు. కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. వచ్చే వారం నుంచి బస్టాండు ఎదురుగా తన బడ్డీ ఉండదు, పలక ఉండదు, పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలన్నా పుస్తకం తీయాలి. అక్క వైపు చూశాడు. ఆవిడ గోడని ఆనుకుని, ఎడమ పక్కకి ఒరిగి, కళ్లు మూసుకుని ఉంది.

పదకొండు.

"ఫైలు నూట పదిహేడూ!"

"ఉన్నానండీ" అన్నాడు. కేక కాదు, మామూలు మాట.

"నూట పదిహేడూ!"

"ఉన్నాడయ్యా బాబూ!" అని ఈసారి పద్నాలుగు మందీ అరిచారు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. ఎంతమంది అరిచినా నియమం నియమమే.

"నూట పదిహేడు!"

ఈ మూడో పిలుపుకి కూడా పలకాలని తాళాలాయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. ఆవలింత వచ్చింది.

అది ఆ పూట ఆవలింత కాదు. ఆ రాత్రిది కూడా కాదు. కాస్త ఆగండి అన్న ప్రతి కౌంటరు దగ్గరా, లిఫ్టు రేపటికి బాగవుతుంది అన్న ప్రతి ఆస్పత్రిలోనూ, ఇంటర్వెల్ కోసం వానలో ఆగిన ప్రతి ఆటకీ, మర్యాదకని పళ్ల బిగువున ఆపుకున్నవన్నీ కలిసి ఒక్కసారే పైకొచ్చాయి. దవడలు కీలు కదిలిన తలుపుల్లా చప్పుడు చేశాయి. కళ్లలోంచి నీళ్లు కారాయి. మూద్దామంటే నోరు మూతపడలేదు. అలా ఎంతసేపు తెరుచుకుని ఉందో కానీ, ఆ ఆవలింత చివరికొచ్చేసరికి బంట్రోతు కూడా ఆవలించాడు. అతన్ని చూసి మంగలి. మంగలిని చూసి ఇటుకల వాళ్లిద్దరూ. అక్క కళ్లు తెరవకుండానే ఆవలించింది. పైన కటకటాల దగ్గర గుమాస్తా పెన్ను మూత తీసి, కాగితం మీద పెట్టి, పెట్టిన చోటే ఆపేసి, ఆవలింతకి చిటికెలు వేసుకున్నాడు.

అప్పుడు మొదటి మెట్టు ఆవలించింది.

రాయికీ రాయికీ మధ్య సన్నగా నోరు తెరుచుకుంది. లోపల్నుంచి చల్లటి గాలి, పాతకాలపు సున్నం వాసన. మెట్టు అంచు వదిలేసి వెనక్కి వాలింది. అది రెండోదాని మీదికి, రెండోది మూడోదాని మీదికి. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంకోసారి ఆవలించి, పైదాకా నడుం వాల్చేశాయి. ఎవరో మంచి పరుపు మీదికి చేరినట్టు ఆఖర్న ఒక నిట్టూర్పు వినిపించింది.

"పడుకున్నాయి. చూసి నడవండి" అన్నాడు బంట్రోతు అలవాటు కొద్దీ.

"తొయ్యనా?" అంది అక్క.

"మొయ్యకు. తోస్తే తొయ్యి."

అక్క వెనక నుంచి తోసింది, అతను చేతులతో తిప్పాడు. మలుపు దగ్గర ఇద్దరికీ ఊపిరాడలేదు. వగర్చడం ఆగాక మళ్లీ తిప్పాడు. గుమాస్తా చిటికెలు వేసుకోవడం ముగించి కళ్లు తెరిచేసరికి బండి ముందు చక్రం అతని చెప్పుకి తగులుతోంది.

"నూట పదిహేడు" అన్నాడు తాళాలాయన.

గుమాస్తా కాగితం వంక చూశాడు, మనిషి వంక చూశాడు. హాజరు అని రాసుకున్నాడు. ఆ మాట రాసి ఎన్నాళ్లయిందో, సరిగ్గా రాశానా అని ఓసారి చదువుకున్నాడు.

లోపల పెద్ద బల్ల వెనక అధికారి ఒకావిడ కూర్చుని ఉంది. అందరూ మేడమ్ అంటారు. యాభై దాటిన మనిషి. బల్ల కింద చెప్పులు విప్పి, ఎవరూ చూడనప్పుడు మోకాళ్లు నొక్కుకుంటోంది.

"రెండుసార్లు పిలిస్తే రాలేదేం?" అని అడిగింది ఫైలు తిప్పుతూ.

"రెండుసార్లూ వచ్చానండీ. కింద ఉన్నాను."

"కింద ఉంటే హాజరు కాదు మేడమ్" అన్నాడు గుమాస్తా. "హాజరంటే ఈ గదిలో."

ఆవిడ తలెత్తి బండిని చూసింది. కాసేపు చూసింది. "మీ చెక్క తట్టుకుని ఒకాయన పడ్డాడట. నిజమేనా?"

"నిజమేనండీ. పడ్డాడు. ఫోను చూసుకుంటూ వస్తున్నాడు, కానీ పడ్డ మాట నిజం. లేచి దులుపుకుని నన్ను నాలుగు తిట్టి వెళ్లాడు. ఆయన లేచాడండీ. నేను పడితే లేవను. అందుకే ఆ పలక."

"పలక తీసేసి బడ్డీ ఉంచుకోండంటే?"

"బడ్డీ ఉంటుందండీ. నేను రోడ్డు మీద నిలబడి దాన్ని చూసుకుంటూ ఉండాలి." ఆగి, "నిలబడి అన్నాను చూశారా. ఊరికే మాటవరసకి" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. ఇంకోసారి మోకాలు నొక్కుకుంది, ఈసారి దాచుకోకుండా. "పదకొండేళ్లుగా నేను ఈ మెట్లెక్కుతున్నాను" అంది. "నలభై రెండు. పొద్దున పైకొచ్చానంటే సాయంత్రం దాకా దిగను. భోజనానికైనా సరే. కింద ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది?" ఎవర్ని అడుగుతోందో తెలియక గుమాస్తా నేల చూపులు చూశాడు. ఆవిడ ఫైలు మీద రాసింది. "బడ్డీ ఉంటుంది. పలక ఉంటుంది. పలకకి అంచుల వెంట తెల్లరంగు వేయించండి, కనపడాలి. వెళ్లిరండి. ఉత్తర్వు టైపు చేసి రేపిస్తారు."

తాళాలాయన కదల్లేదు.

"రేపు రాలేనండీ. రేపు ఈ మెట్లు ఏం చేస్తాయో వాటికే తెలీదు. ఇక్కడే కూర్చుంటాను."

వరండాలో కిటికీ పక్కన బండి పెట్టించుకుని కూర్చున్నాడు. లోపల టైపు మిషను ఒక్కో అక్షరం రాల్చుతోంది. మధ్యలో రిబ్బను చిక్కుకుంది, ఇంకో మాట తప్పు పడింది, మళ్లీ మొదట్నుంచి. ఒంటిగంట కొట్టారు. మెట్లు అప్పటికే గాఢనిద్రలో ఉన్నాయి. మేడమ్ టైపిస్టుని మాత్రం భోజనానికి కదలనివ్వలేదు.

కిటికీలోంచి చూసి తాళాలాయన అక్క కొంగు లాగాడు. "అది మన బడ్డీయేనా?"

అదే. బడి మానేశాక అతను ఊరిని పై నుంచి చూడ్డం అదే మొదటిసారి. బస్టాండు అవతల అగ్గిపెట్టె అంత ఉంది. రేకు కప్పు మీద ఒక పిల్లల బంతి, ఒంటి చెప్పు, ఎండిన కొమ్మ, ఎవరిదో ఆరేసిన తువ్వాలు. పంతొమ్మిదేళ్లు వాటి కింద కూర్చుని ఎప్పుడూ ఎరగడు.

"నా నెత్తిన ఇంత సంసారం ఉందా" అన్నాడు.

జనం బడ్డీ పక్క నుంచి నడిచిపోతున్నారు. నీళ్లు రాయి పక్క నుంచి పోయినట్టు పోతున్నారు. ఎవరూ ఆగడం లేదు, పడటం లేదు. అతను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. అక్క బండి వెనక నేల మీద కూర్చుని, చక్రానికి తలానించి నిద్రపోయింది.

రెండు కావొస్తోంది. టైపు మిషను ఇంకా "సదరు" దగ్గరే ఉంది. కింద బంట్రోతు లేచి, సుత్తి తీసుకుని, గంట దగ్గరికి నడవడం తాళాలాయనకి కటకటాల సందులోంచి కనిపించింది. గంట కొడితే మెట్లు లేస్తాయి. ఐదింటికి తాళాలు పడతాయి. తను పైన. బస్తా అయితే ఇద్దరు మనుషులు దించుతారు.

ఆపమని అడగడం అతనికి ఇంకా సరిగ్గా రాలేదు.

మేడమ్ చెప్పులు లేకుండానే గదిలోంచి వచ్చింది. కటకటాల దాకా వచ్చి కిందికి వంగింది. ఆవిడ అలా వంగడం బంట్రోతు ఎన్నడూ చూడలేదు. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆపాడు.

"ఆగు" అందావిడ మెల్లగా, నిద్రపోయేవాళ్లు లేచేంత గట్టిగా కాకుండా.

"రెండయింది మేడమ్."

"కాగితం కాలేదు. కాగితం అయ్యేదాకా రెండు కాదు."

బంట్రోతు గోడ గడియారం చూశాడు, ఆవిడని చూశాడు. పైఅధికారి ఎవరో అతనికి తెలుసు. సుత్తి దించి స్టూలు మీద కూర్చున్నాడు.

కాగితం అయింది. ముద్ర పడింది. తాళాలాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. అక్క లేచి, ఈసారి తోయడానికి కాక ఆపడానికి వెనక పట్టుకుంది. ఇద్దరూ బ్రేకు కీచుమనకుండా, ఊపిరి బిగబట్టి, నలభై రెండు మెట్ల వాలునీ దిగిపోయారు. కింద బంట్రోతు తలుపు తెరిచి పట్టుకున్నాడు. సుత్తి ఇంకా చంకలోనే ఉంది.

మర్నాడు ఆఫీసుకొచ్చినవాళ్లకి మెట్లు ఇంకా పడుకునే కనిపించాయి. బంట్రోతు గంట జోలికి పోలేదు. మేడమ్ ఇచ్చిన ఆజ్ఞ అలాగే ఉంది, ఆవిడ వెనక్కి తీసుకోలేదు. కాగితాలయ్యేదాకా రెండు కాదు. నూట పదిహేడు అయింది నిజమే, కానీ నూట పద్దెనిమిది ఉంది, పంతొమ్మిది ఉంది, వాటి వెనక బీరువాల నిండా ఉన్నాయి. గుమాస్తా, టైపిస్టు, చివరికి మేడమ్ కూడా చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ వారగా, మెత్తగా అడుగులేసుకుంటూ పైకెళ్లారు. వారం తిరిగేసరికి పైన వరండాలో అంతకుముందు ఎవరూ చూడని మొహాలు కనపడ్డాయి. చేతికర్రలవాళ్లు, నిండు చూలాలు ఒకామె, కూతురు తోసుకొచ్చిన ముసలాయన. ఒక్కొక్కరి పేరు పక్కనా ఏళ్ల తరబడి గైర్హాజరులున్నాయి. గుమాస్తా ఇప్పుడు కేకలు వేయడం మానేశాడు. పిలిస్తే పక్కనే పలుకుతున్నారు.

తాళాలాయన బస్టాండు ఎదురుగా పలకకి తెల్లరంగు వేసుకుంటూ ఉండగా, ఆ దారిన పోతున్న బంట్రోతు ఆగాడు.

"ఏమన్నా, ఈ వేళప్పుడు బయట తిరుగుతున్నావు? గంట కొట్టాల్సిన టైము కాదూ?" అని అడిగాడు తాళాలాయన.

"ఇంకెక్కడి టైము" అన్నాడు బంట్రోతు, ఆవలిస్తూ. "పైన కాగితాలు ఇంకా అవుతున్నాయి. మా ఆఫీసులో రెండు కాలేదు."